నీలమ్మ సంతకం

నీలమ్మ మొగుడితో మాట్లాడక ఆ పొద్దుటికి మూడో రోజు. చాయ్ గ్లాసు ఆయన ముందు ఠక్కున పెట్టి వంటింట్లోకి పోయింది. పుప్పాలగూడ సర్పంచి ఆమే. ఊళ్ళో మాత్రం సర్పంచ్ సాబ్ అంటే ఆమె మొగుడు లింగమూర్తి. నాలుగేళ్ళుగా పంచాయతీ కాగితాల మీద ఆమె పేరు గీకేదీ ఆయనే. పైగా అదేదో పెళ్ళానికి సాయం చేస్తున్నట్టు ఫోజు!

గొడవంతా పార్టీ టికెట్ గురించి. అసెంబ్లీ ఎన్నికలకు రెండు పేర్లు వినబడుతున్నాయి. పోచయ్య భూములు పోయిన రైతుల కోసం కొట్లాడే మనిషి. కామేశ్వరరావు కంపెనీల వాళ్ళనూ రైతులనూ ఇద్దరినీ నొప్పించకుండా మాట్లాడే పెద్దమనిషి. సర్పంచులు ఎవరి వైపో రాయించుకోవడానికి పార్టీ పరిశీలకుడు ఆ రోజే వస్తున్నాడు.

పోచయ్యను నిలబెడితే డిపాజిట్ కూడా దక్కదని, ఓడిపోయేవాడు రైతులకు ఏం ఒరగబెడతాడని లింగమూర్తి వాదన. నీలమ్మ ససేమిరా అంది. తన తమ్ముడి రెండెకరాలు పోయినప్పుడు మండలాఫీసు ముందు పదకొండు రోజులు కూర్చున్నది పోచయ్యేనని, కామేశ్వరరావు వచ్చి నవ్వి పోయాడని మొన్ననే మొహం మీద చెప్పింది.

“నీకేం ఎర్కనే రాజకీయం? ఇంట్ల పని చూస్కో,” అన్నాడు లింగమూర్తి. మాటలు ఆగిపోయింది అప్పుడే.

పదింటికి పరిశీలకుడు వచ్చి కూర్చున్నాడు. లింగమూర్తి జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. అందులో కామేశ్వరరావు పేరు, కింద నీలమ్మ సంతకం. నీలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, అది తన మాట కాదని చెప్పి, తనకో పెన్ను ఇమ్మని అడిగింది. లింగమూర్తికి ఒళ్ళు మండిపోయింది.

“నువ్వు లోపలికి నడువ్. ఈమెకు సంతకం రాదు సార్,” అన్నాడు.

పరిశీలకుడు చేతిలో కాగితం వైపు చూశాడు. “మరి ఇది ఎవరు పెట్టారండీ?”

డిగ్రీ చదివే కూతురు రేఖ వచ్చి తల్లి చేతిలో పెన్ను పెట్టింది. వేసవంతా తండ్రికి తెలియకుండా తల్లికి అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే.

నీలమ్మ తెల్లకాగితం ముందు కూర్చుంది. “సర్పంచ్ అయిన్నాడు సంతకం నేర్పియ్యమంటే నవ్వినవ్. ఇన్నేండ్లు నా పేరు రాస్తివి. ఒక్కపారన్న నన్ను అడిగినవా?”

ఆ నవ్వు లింగమూర్తికి గుర్తొచ్చింది. ఈ వయసులో నీకెందుకే అని కూడా అన్నాడు. ఇప్పుడు ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాస్తుంటే చూడలేకపోయాడు. నీలమ్మ పోచయ్య పేరు రాసి, కింద తన పేరు మొదలుపెట్టేసరికి ఫ్యాను గాలికి కాగితం లేచింది.

లింగమూర్తి వంగి కాగితం అంచు మీద అరచెయ్యి పెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నిమ్మళంగ రాయి,” అన్నాడు.

నీలమ్మ ఆయన వైపు చూడలేదు. మ కింద ఒత్తు పెట్టి, పెన్ను మూసింది.