రెండు సంఘాల దెయ్యం

చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు. కారులో వెళ్లేవాళ్లు కూడా అద్దాలు పైకెత్తుకుని, పాట కాస్త గట్టిగా పెట్టుకుని మరీ వెళ్తారు.

సిడ్నీలో, ఉత్తరం వైపు, రైల్వే స్టేషన్ నుంచి గుట్ట ఎక్కే వీధిలో ఉంది అది. రేకుల కప్పు. పెచ్చులూడిన గోడలు. గుట్ట మీద మన ఆర్మేనియన్ల ఎగువ సంఘం హాలు, గుట్ట కింద మన ఆర్మేనియన్లదే దిగువ సంఘం హాలు... సరిగ్గా నడుమ ఆ పాత ఇల్లు.

డెబ్భై నాలుగులో బేరూత్ నుంచి, కైరో నుంచి, ఇస్తాంబుల్ నుంచి వచ్చినవాళ్లంతా తలా ఇంత వేసుకుని కొన్న ఇల్లది. అప్పుడు సంఘం ఒకటే. ఒకటే సంఘం ఉంటే ఎవరితో పోట్లాడాలో తెలియక మనవాళ్లు పద్నాలుగేళ్లు నానా అవస్థా పడ్డారు.

ఎనభై ఎనిమిది డిసెంబరులో ఆ అవస్థ తీరింది. అక్కడ ఆర్మేనియాలో భూకంపం. ఇక్కడ దుప్పట్లు, మందులు, చంటిపిల్లల పాలడబ్బాలు పోగయ్యాయి. కంటైనర్ నిండింది. నిండాక, దాని మీద ఎవరి పేరు ముందు రాయాలన్న ప్రశ్న వచ్చింది. అక్కడ జనం మంచులో పడుకుంటుంటే ఇక్కడ మూడు వారాలు అక్షరాల ఎత్తు మీద చర్చ జరిగింది. చివరికి సగం సగం ఖాళీగా రెండు కంటైనర్లు బయల్దేరాయి. సంఘాలు కూడా రెండయ్యాయి.

పాత ఇల్లు మాత్రం రెండు కాలేకపోయింది. కాగితాల మీద ఇద్దరి పేర్లున్నాయి — మిహ్రాన్, జిరాయర్. ఒకడు ఎగువ సంఘానికి అధ్యక్షుడు, ఇంకొకడు దిగువకి. ఇద్దరూ సంతకం పెడితేనే అమ్మకం. ఇద్దరూ మాట్లాడుకుని ముప్పై ఆరేళ్లయింది. ఒకరి పెళ్లికి వెళ్లినవాణ్ని ఇంకొకరు చావుకి పిలవరు.

అలా తాళం పడ్డ ఇంట్లోకి దెయ్యం వచ్చి చేరింది.

రాత్రి పూట లోపలి నుంచి కాఫీ వాసన వస్తుందట. ఎముకలు దొర్లినట్టు చప్పుడు వస్తుందట... ఆగుతుందట... మళ్లీ దొర్లుతాయట. అన్నిటికంటే భయంకరం — ఒక ముసలిదాని గొంతు. ఏదో చెబుతూ ఉంటుంది. ఆగకుండా, చిన్నగా, ఎవరూ వినకపోయినా చెప్పే ముసలమ్మల పద్ధతిలో.

అది ఎవరి దెయ్యం అన్న విషయంలో కూడా ఏకాభిప్రాయం లేదు. ఎగువ వాళ్లు, అది దిగువ వాళ్ల మనిషేనని, బతికినప్పుడు చేసిన పాపానికి అలా తిరుగుతోందని అంటారు. దిగువ వాళ్లూ సరిగ్గా అదే అంటారు, దిక్కు మార్చి. మాంసం కొట్టు వాహ్రామ్ ఒకసారి చర్చి విందుకి లహ్మజూన్ పళ్లెం పట్టుకుని ఆ వీధిన అడ్డదారిలో వెళ్లాడు. నలభై రొట్టెలు రోడ్డు మీద వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఏడడుగుల ఆకారాన్ని చూశానన్నాడు. ఆ ఏడాది చివరికి ఆకారం తొమ్మిదడుగులైంది.

ఇదంతా షోగిగ్‌కి నవ్వులాట. నలభై రెండేళ్ల మనిషి, మందుల దుకాణంలో పని, ఎగువ సంఘానికి కార్యదర్శి. కార్యదర్శి అంటే పదకొండు మంది మగవాళ్లు అరుచుకుంటుంటే అందులోంచి రాయదగ్గ ముక్క ఏరి రాసే ఉద్యోగం. జీతం లేదు.

పోయిన జూన్‌లో ఒక గురువారం సాయంత్రం కమిటీ అత్యవసరంగా కూర్చుంది. మిహ్రాన్ రాలేదు. ఎనభై ఒక్కేళ్ల మనిషి, గురువారాలు ఏడింటికల్లా పడుకోవాలని డాక్టరు చెప్పాడట. ఏ డాక్టరో, మిగతా ఆరు రోజులూ ఎందుకు అక్కర్లేదో ఎవరూ అడగలేదు.

విషయం ఏమిటంటే, ఒక బిల్డర్ మంచి ధరకి పాత ఇల్లు అడుగుతున్నాడు. ఆదివారం సర్వసభ్య సమావేశం. ఈసారి అమ్మకం ఖాయమనిపిస్తోంది. కానీ ఇంట్లో మొదటి సభ్యుల పుస్తకం ఉండిపోయింది. అది ఎవరి చేతికి చిక్కితే వాళ్లే అసలు సంఘం, రెండోవాళ్లు నకిలీ. కాబట్టి దిగువ వాళ్లకి అందకముందే, వాళ్ల కంట పడకుండా, రాత్రికి రాత్రే తెచ్చేయాలి.

తీర్మానం ఏకగ్రీవం. ఎవరు వెళ్లాలి అనేసరికి ఒకాయనకి మోకాలు గుర్తొచ్చింది. ఒకాయనకి షుగరు. వాహ్రామ్ తనకి ఆ ఇంటితో పాత పరిచయం ఉంది కాబట్టి వెళ్లడం మర్యాద కాదన్నాడు. తర్వాత అందరూ కలిసి కార్యదర్శి బాధ్యతల గురించి చాలా గౌరవంగా మాట్లాడారు.

షోగిగ్ టార్చి తీసుకుని లేచింది.

తొమ్మిదిన్నర. చలి. వీధిలో చెత్తడబ్బాలు తప్ప మనిషి లేడు. వెనకవైపు బట్టలుతికే గది కిటికీ గొళ్లెం చిన్నప్పటి నుంచీ ఊడే ఉంటుంది, ఆ సంగతి ఆమెకి తెలుసు. నాలుగేళ్ల వయసులో నానమ్మ వెంట ఈ ఇంటికి వచ్చేది. కిటికీ ఎక్కి లోపలికి దిగింది.

కాలు నేల మీద పెట్టగానే — కాఫీ వాసన.

పాతది కాదు. ఇప్పుడే పొంగినది. ఏలకుల పొడి వేసినది.

టార్చి ఆర్పేసింది. ఎందుకు ఆర్పిందో ఆమెకే తెలియదు. ముప్పై ఆరేళ్లుగా తాళం వేసిన ఇల్లు. దుమ్ము వాసన రావాలి కదా...

నడవాలో అడుగేసింది. చెక్క నేల మూలిగింది. ఆగింది.

లోపలి గదిలోంచి — టక్... టక్‌టక్... ఏవో దొర్లి ఆగాయి. నిశ్శబ్దం. మళ్లీ దొర్లాయి.

ఇవి పైకప్పులో తిరిగే పోసమ్ జంతువులే అని తనకి తాను చెప్పుకుంది. పోసమ్‌లు కాఫీలో ఏలకులు వేసుకుంటాయా అన్న ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పుకోలేదు.

తలుపు ఓరగా ఉంది. కింద సన్నటి వెలుగు గీత. ఆమె గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి, తలుపు దాకా వెళ్లింది.

అప్పుడు వినిపించింది గొంతు.

ముసలి గొంతు. వణుకుతూ, కాస్త కరుగ్గా. మన మాటల మధ్య టర్కిష్ ముక్కలు, ఎప్పుడో తగలబడిపోయిన ఊరి యాస. ఏదో కుండ గురించి చెబుతోంది... బావి గట్టు గురించి చెబుతోంది...

మాట మధ్యలో ఆగింది.

"ఎవరది... తలుపు దగ్గర?"

షోగిగ్ టార్చిని రెండు చేతులతో పట్టుకుంది.

"అలా నిలబడ్డావేం... చలి. లోపలికి రా."

కదల్లేదు. కదలడానికి కాళ్లు ఉండాలి.

"షోగిగ్... నిన్నే."

న్వార్ద్ నానమ్మ. అనుమానం లేదు. తొంభై ఒకటిలో ఎగువ సంఘం వాళ్లు మోసిన శవపేటిక. తొమ్మిదేళ్ల పిల్లగా షోగిగ్ దాని మీద ఒక గుప్పెడు మట్టి వేసింది. ఆ గొంతు మళ్లీ వినాలని ఎన్ని రాత్రులు ఏడ్చిందో ఆమెకే తెలుసు. విన్నాక ఇప్పుడు పారిపోవాలనిపించింది. అంతలోనే పారిపోకూడదనీ అనిపించింది...

లోపలి నుంచి ఇంకో గొంతు, చిన్నపిల్లది.

"నానమ్మా, పిల్లి పాలన్నీ తాగేసింది."

ఆపైన ఒక ఆడమనిషి నవ్వు. ఆ తర్వాత — టప్‌మని మీట నొక్కిన చప్పుడు.

"విన్నావుగా, ఇక ఆడు," అంది మగగొంతు, విసుగ్గా. "ఇందాకటి నుంచి ఆ పాచికలు పొదుగుతున్నావు. పిల్లలవుతాయా?"

షోగిగ్ తలుపు తోసింది.

కిటికీకి దుప్పటి మేకులతో కొట్టి ఉంది. నేల మీద లాంతరు, పక్కన పాత టేపురికార్డరు. చిన్న స్టవ్ మీద కాఫీ గిన్నె. బల్ల మీద తావ్లూ పాచికలాట పలక, చప్పుడు రాకుండా దాని కింద పాత తువ్వాలు. అటువైపు మిహ్రాన్, ఇటువైపు జిరాయర్. ఒకరికొకరు బద్ధ శత్రువులు, ఒకే కంబళి ఇద్దరి మోకాళ్ల మీద.



ముందు తేరుకున్నది జిరాయర్. పాచికలు దించకుండానే మిహ్రాన్ వైపు తిరిగాడు. "నీ కార్యదర్శేగా? మీ సంఘంలో తలుపు తట్టడం కూడా నేర్పరా?"

"మీ సంఘంలో తలుపులుంటే కదా తట్టడానికి," అన్నాడు మిహ్రాన్. అలవాటు కొద్దీ అనేశాడు. తర్వాత అతని మొహం పాలిపోయింది. "కూర్చో తల్లీ. ముందు కూర్చో."

ఆమె కూర్చుంది.  జిరాయర్ తన కప్పు ఆమె చేతిలో పెట్టాడు.

గోడ వారగా అట్టపెట్టె. దాని నిండా క్యాసెట్లు. ఇవి ఏమిటో షోగిగ్‌కి అర్థమైంది. ఊళ్లు పోగొట్టుకుని వచ్చిన ముసలివాళ్ల మాటలు ఎనభై ఆరులో ఈ గదిలోనే రికార్డు చేశారు. తలుపు దగ్గర నిలబడ్డ ఆ చిన్నపిల్ల తనే. విడిపోయిన గొడవలో క్యాసెట్లు మాయమయ్యాయి. దిగువ వాళ్లు దొంగిలించారని ఆమే స్వయంగా మూడుసార్లు మినిట్స్‌లో రాసింది.

"రికార్డు చేసింది మా సిర్వార్డ్," అన్నాడు జిరాయర్. "మీరందరూ ముసలమ్మలు చెప్పిన కథలు విలువైనవంటారు. నాకు ఆ కథలన్నీ కంఠతా వచ్చు. నేను ప్రశ్నలు వినడానికి వస్తాను. అడిగే గొంతు మా ఆవిడది."

మిగతాది మిహ్రాన్ చెప్పాడు. మొదట నిజంగానే పగ. విడిపోయిన ఐదో ఏడు సిర్వార్డ్ చనిపోయింది. ఆమె అంత్యక్రియలకి ఎవరూ వెళ్లకూడదని ఎగువ సంఘం తీర్మానించింది. అధ్యక్షుడిగా సంతకం మిహ్రాన్‌దే. బేరూత్‌లో ఒకే సందులో పెరిగి, ఒకే జత బూట్లు వంతులవారీగా వేసుకుని బడికెళ్లిన వాడి భార్య. ఆ రాత్రి నిద్రపట్టక వీధిలో తిరుగుతుంటే పాత ఇంట్లో వెలుగు కనబడింది. లోపల జిరాయర్ ఒంటరిగా కూర్చుని క్యాసెట్ వింటున్నాడు. మిహ్రాన్ నోట క్షమాపణ రాలేదు. పలక తెచ్చి ముందు పెట్టాడు. అప్పటి నుంచి గురువారాలు.

"మరి బయటికి చెప్పచ్చుగా బాబాయ్," అంది షోగిగ్.  "అందరూ కలిసిపోయేవాళ్లు."

ముసలివాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పిచ్చిపిల్ల అన్నట్టు చూసుకున్నారు.

"తొంభై ఆరులో ప్రయత్నించాం," అన్నాడు జిరాయర్. "రాజీ అన్న మాట ఎత్తగానే మా వాళ్లు నన్ను, మీ వాళ్లు వీణ్ని దించేయబోయారు. ఇంకొంచెం ఉంటే మూడో సంఘం, నాలుగో సంఘం పుట్టేవి."

ఆ తర్వాత వాళ్లు చెప్పింది విని షోగిగ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏటా ఎవడో ఒక బిల్డర్ వస్తాడు. ఇల్లు అమ్మితే ఈ గది పోతుంది, గురువారాలు పోతాయి. ఇద్దరూ ఒప్పుకోకపోతే ఇద్దరూ కుమ్మక్కయ్యారని అనుమానం వస్తుంది. అందుకని ఒకడు ఒప్పుకోవాలి, రెండోవాడు మొండికేయాలి, ద్రోహి అనిపించుకోవాలి. ఆ ఏడు ద్రోహి ఎవరో ఈ పలక మీదే తేలుతుంది. ఓడినవాడు ద్రోహి.

ముప్పై ఒక్కేళ్ల సమాజ రాజకీయం. ఆమె పేజీలకి పేజీలు రాసిన చర్చలు, సిద్ధాంతాలు, చరిత్రాత్మక నిర్ణయాలు.

"ఈ ఏడు?" అంది.

మిహ్రాన్ పలక వైపు చూపించాడు. అతని కాయలు సగం ఇంకా ఇల్లు చేరలేదు. జిరాయర్‌వి రెండే మిగిలాయి.

"ఓడిపోతున్నాను," అన్నాడు మిహ్రాన్ నీరసంగా. "నువ్వొచ్చి కంగారుపెట్టావు."

 ఈ సంగతి బయటపెట్టకుండా ఉండటానికి షోగిగ్ రెండు షరతులు పెట్టింది. తనకి క్యాసెట్లన్నీ నకలు తీసుకోనివ్వాలి, వచ్చే గురువారం నుంచి తనూ వస్తుంది. ఇద్దరూ తల ఊపారు. ఏ విషయంలోనైనా వాళ్లిద్దరూ ఒకేసారి తల ఊపడం ఆమె చూడ్డం అదే మొదలు. జిరాయర్ క్యాసెట్ వెనక్కి తిప్పి మీట నొక్కాడు. పిల్లి పాలు మళ్లీ తాగింది. న్వార్ద్ నానమ్మ మళ్లీ లోపలికి రమ్మంది. షోగిగ్ కొంగులాంటిది ఏదీ లేక కోటు చేతితో మొహం తుడుచుకుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక హాలు కిక్కిరిసింది. మిహ్రాన్ లేచి బల్ల గుద్దాడు. ఆ దిగువ ద్రోహుల సంతకం పక్కన తన సంతకం పెట్టేకంటే చెయ్యి నరుక్కుంటానన్నాడు. సగం హాలు చప్పట్లు కొట్టింది, సగం తిట్టింది. షోగిగ్ తల వంచుకుని ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది.

అప్పుడు వాహ్రామ్ లేచి పుస్తకం సంగతేమిటని అడిగాడు. తేలేకపోయానంది. ఎందుకని అడిగాడు. ఆమె మినిట్స్ పుస్తకం మూసేసింది. 

"ఏమైనా... చూశావా?" అన్నాడు వాహ్రామ్, గొంతు తగ్గించి.

"దెయ్యాన్ని చూడలేదు," అంది షోగిగ్. మిహ్రాన్ పైకప్పు వైపు చూస్తున్నాడు. "విన్నాను. మా న్వార్ద్ నానమ్మ గొంతు. నన్ను పేరు పెట్టి లోపలికి పిలిచింది."

అబద్ధం ఒక్క అక్షరం లేదు. హాలంతా శిలువ గుర్తు వేసుకుంది. ముందు వరసలో ఒకావిడ ఏడ్చేసింది. సూర్యాస్తమయం తర్వాత సభ్యులెవరూ ఆ ఇంటి ఛాయలకి వెళ్లకూడదని అక్కడికక్కడే తీర్మానం పెట్టారు. ఒక్క చెయ్యి కూడా కింద ఉండిపోలేదు.

బుధవారం కల్లా ఆ మాట గుట్ట దిగింది. దిగువ సంఘం కూడా కూర్చుంది, జిరాయర్ అధ్యక్షతన. అదే తీర్మానం, దాదాపు అవే మాటలు, అందరి చేతులూ పైకే.

ముప్పై ఆరేళ్లలో మొదటిసారి రెండు సంఘాలూ ఒకే మాట మీద నిలబడ్డాయి — ఆ ఇంట్లో దెయ్యం ఉందని.