నీలం వెలుగుకు సంతకం

పొద్దున ఎనిమిదింటికి చీఫ్ టేబుల్ మీద ఒక గాజు పెంకు పెట్టాడు.

"లైట్లు చూడ్డానికి పంపిన మన టెక్నీషియన్ శవం ఆసుపత్రి లిఫ్ట్ గుంతలో దొరికింది. పిడికిట్లో ఇది."

ఏజెంట్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. చీఫ్ చెప్పుకుపోయాడు.

"అల్ట్రావయొలెట్ ట్యూబు ముక్క. అసలుది క్వార్ట్జ్‌తో చేస్తారు. ఇది మామూలు గాజు. నీలం వెలుగు వస్తుంది, వైరస్‌ను చంపే కిరణం బయటికి రాదు. విదేశీ ముఠా పని. పెద్దాసుపత్రిలో పదకొండింటికి వాడిన మాస్కులు శుద్ధికని ఆ లైట్ల కింద పెడతారు. పదకొండున్నరకి రెండొందల మంది నర్సులు అవే కట్టుకుని వైరస్ వార్డులోకి పోతారు."

"ఆ లైట్ల కంపెనీలో మన గూఢచారి చిలక ఉందిగా?" అన్నాడు ఏజెంట్.

"ట్యూబులన్నీ మంచివేనంటోంది. నువ్వెళ్లి చూసి, మంచివైతేనే తనిఖీ కాగితం మీద సంతకం పెట్టు."

ఏజెంట్ పెంకును జేబులో వేసుకున్నాడు. అతని భార్య ఆ ఆసుపత్రిలోనే నర్సు. అదే మాస్కు మళ్లీ కట్టుకోవాలంటే భయంగా ఉందని ఒకరోజు అంది. "నీలంగా వెలిగిందిగా, ఇంకెందుకే భయం?" అన్నాడు. ఆ మాటన్న పదమూడో రోజున ఆసుపత్రివాళ్లు ఆమె చెప్పులు కవర్లో పెట్టి ఇచ్చారు. ఎనిమిది నెలలైంది.

పదకొండింటికి ఎలక్ట్రీషియన్ వేషంలో ఆసుపత్రి స్టోర్ రూమ్ చేరాడు. కంపెనీ తరఫున వచ్చిన చిలక నల్ల కళ్లద్దాలతో, గది నిండా సెంటు వాసనతో ఎదురైంది.

"బయట ఎండెలా ఉంది?"

"నీడలోనే మాడుతోంది." కోడ్ సరిపోయింది.

ఆమె స్విచ్ వేసింది. అద్దాల బీరువా నీలంగా వెలిగింది. ఇరవై ఎనిమిది నిమిషాల పాటు కబుర్లు చెప్పింది. చివర్లో ఒక మాస్కు జారితే కళ్లద్దాలు తీసి, బీరువా తలుపు తెరిచి, లైటు కింద చెయ్యి పెట్టి సర్దింది.

"రోజూ ఇలాగే సర్దుతావా?"

"నాకలవాటేలే. సంతకం పెట్టు."

"రోజూ ఇలా అసలు లైటు కింద సర్దితే ఈపాటికి నీ కళ్లు మండిపోవాలి. చెయ్యి కమిలిపోవాలి. నీకు భయం లేదంటే లోపలున్నది గాజని నీకు తెలుసు."

చిలక హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. అది పేలేలోగా అతని రెంచి ఆమె మణికట్టు మీద పడింది. గుండు గోడలో దిగింది. ఆమెను బీరువా కాలికి వైరుతో కట్టేసి వరండాలోకి పరుగెత్తాడు.

అప్పటికే బీరువా వెనక తలుపు గుండా నర్సులు మొదటి ట్రే తీసుకుపోయారు. పెద్ద నర్సమ్మ మాస్కు తాడు చెవికి తగిలిస్తోంది. అతను లాగి పారేశాడు.

"ఒరేయ్ కరెంటోడా! ఆ మురికి చేతులేంట్రా?" అని అరిచి, తన దగ్గర పనిచేసిన పిల్ల భర్తని గుర్తుపట్టి ఆగిపోయింది. "నువ్వా నాయనా?"

"ఒక్కరూ కట్టుకోవద్దమ్మా. అన్నీ తగలబెట్టించండి."

"మరి అప్పట్లో మా పిల్లకి..."

అతను జేబులోంచి పెంకు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ట్రే పక్కనే నేల మీద కూలబడింది.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "ఒక్క నిమిషంలో రెండొందల మందిని కాపాడావయ్యా. సరైన టైముకి పోయావు."

"ఎనిమిది నెలలు ఆలస్యం సార్. లేట్ మార్క్ వేసుకోండి."