ఒంటి తుమ్ము

"ముద్దయీ వాసవాంబ హాజిర్ హై?"

అదాలత్ వరండాలో జవాను వేసిన కేకకు పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. వాటికంటే ముందు కమల లేచింది.

"ఏమన్నాడూ? మా అత్తయ్య ముద్దాయా?"

జవాను బిత్తరపోయాడు. పక్కన బెంచీ మీద కూర్చున్న వాసవాంబ జపమాల తిప్పడం ఆపింది.

"గోడ లేపేది వాళ్లు. చీకట్లో కూర్చునేది మేము. మళ్లీ ముద్దాయిలం కూడా మేమేనా? ఎక్కడి న్యాయమండీ ఇది?"

ఎవరో నవ్వారు. కమల గిర్రున తిరిగింది. నవ్వినవాడు ప్రహ్లాద్. గోడ లేపుతున్న గుండయ్య సేటు ఒక్కగానొక్క కొడుకు, లా క్లాసులో రెండో ఏడు చదువుతున్నవాడు. నవ్వు కూడా సరుకే, ఎక్కడ దించాలో చూసుకుని దించాలి. ప్రహ్లాద్ ఆ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాడు.

"నవ్వండి. మీకేం, హాయిగా నవ్వుతారు."

"గట్ల కాదు. మీ బెజవాడ దిక్కు ముద్దాయి అంటే నేరం చేసినోడు. ఈడ ముద్దయీ అంటే దావా వేసినోళ్లు. మీ అత్తమ్మ ముద్దయీ. మా బాపు ముద్దాలై, అంటే జవాబు చెప్పాల్సినోడు."

కమల ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే జైలుకు పోయేది మీ నాన్నగారా?"

"జైలేంది! ఇది దీవానీ. హక్కు ఎవరిదో తేల్చుడు. జైలు సంగతి ఫౌజ్‌దారీల."

"అయ్యో," అంది కమల, నిజంగానే బాధపడుతూ.

గౌలిపుర గల్లీలో వాళ్లవి ఆనుకుని ఉన్న ఇళ్లు. గుండయ్యది ఎండుమిర్చి వ్యాపారం. పల్లెల నుంచి వచ్చిన సరుకు ఇంటి వెనుక ఆవరణలో ఆరబోసి, తిరగేసి, ఆ తర్వాత గోదాంలోకి ఎత్తిస్తాడు. ఆ ఆవరణ వైపు వాసవాంబ ఇంటికి ఒకే ఒక కిటికీ ఉంది. ఆమె చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. కిటికీ దగ్గర కూర్చుని రవికెలు కుట్టుకుని బతుకుతోంది. యుద్ధం వచ్చి కిరసనాయిలు బంగారమైపోయిన రోజులవి. కిటికీ మూసుకుపోతే ఆమె కుట్టు ఆగుతుంది, కుట్టు ఆగితే పొయ్యి ఆగుతుంది. తోడుగా ఉంటుందని బెజవాడ నుంచి తెచ్చుకున్న మేనకోడల్ని వెనక్కి పంపేయాల్సిందే.

ఎన్నో ఏళ్లుగా ఆ కిటికీతో గుండయ్యకు పేచీ లేదు. ఇప్పుడు గోదాం పైకి లేపుతానని, కిటికీకి అడ్డంగా గోడ మొదలుపెట్టాడు. వాసవాంబ గోడ ఆపమని దావా వేసింది. గుండయ్య వకీలు వామన్‌రావు ఏకవాక్యంలో జవాబు దాఖలు చేశాడు: ఆ కిటికీ మొదటి నుంచీ పలకలు కొట్టి మూసి ఉండేది, మేనకోడలు వచ్చాకే తెరిచారు, కాబట్టి పాత హక్కు ఏదీ లేదు.

అది చదివి ప్రహ్లాద్ అదిరిపోయాడు. బాపు తూకంలో మోసం చేయడు. ధరలో ఒక మాట అంటే మరో మాట అనడు. అలాంటి మనిషి ఇంత పచ్చి అబద్ధాన్ని సంతకం పెట్టి అమ్ముతాడా?

మర్నాడు ప్రహ్లాద్ ఆవరణలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఆ పనికి కూలీలున్నారు. అయినా కొన్నాళ్లుగా ఆ పార అతని చేతుల్లోనే ఉంటోంది.

ఘాటు లేచింది. పైన కిటికీలో పెద్ద తుమ్ము ఒకటి పేలింది. వెంటనే ఎర్రబడ్డ ముక్కుతో కమల ప్రత్యక్షమైంది.

"మీకు వేరే పనే లేదా? పుస్తకాలు చదువుకోరూ?"

"చదువుతనే ఉన్న. మొన్న క్లాసుల సాక్ష్యం గురించి చెప్పిన్రు."

"ఏం చెప్పారేం?"

"దావా వేసినోళ్లే రుజువు చేయాలె. కిటికీ పాతకాలం నుంచి తెరిచే ఉందని మీరే చూపియ్యాలె. చూపియ్యకుంటే మీ దావా పోతది. మా బాపు ఏం రుజువు చేసే పని లేదు."

"అదేం లెక్క! అబద్ధం చెప్పినవాడు ఊరికే కూర్చుంటాడా?"

"గదే లెక్క. అడిగేటోడే రుజువు చూపాలె."

"ఓస్, దానికేం. కుట్టు ఇచ్చేవాళ్లు బోలెడుమంది. అందరూ వచ్చి చెబుతారు."

"వాళ్లు కిటికీ చూసిన్రా?"

కమల ఆగింది. వాసవాంబది కఠినమైన మడి. వచ్చినవాళ్లు వీధి అరుగు మీద కొలతలిచ్చి పోవలసిందే, లోపలి గదిలో ఇంతవరకూ ఎవరూ కాలు పెట్టలేదు. "విన్నారు. అత్తయ్య చెప్పింది."

"విన్నది చెల్లదు. కండ్లతోని చూసినోళ్లు కావాలె, లేకుంటే చెవులతోని సొంతంగ విన్నోళ్లు. ఈ కిటికీ కనబడేది మా ఆవరణ నుంచే. అంటే మా ఇంటోళ్లు తప్ప ఇంకెవరు…"

మాట సగంలో ప్రహ్లాద్ నాలుక కరుచుకున్నాడు. కమల అతణ్ణి పై నుంచి కిందికి ఒకసారి చూసింది. సంతలో ఎవరికీ పట్టని మూటలో మేలు సరుకు కనిపిస్తే వ్యాపారి చూసే చూపు అది. కిటికీ తలుపు వేసుకుంది.

వారం తిరగకుండానే అదాలత్ జవాను సమను పట్టుకుని దుకాణానికి వచ్చాడు. గుండయ్యే తీసుకున్నాడు. చదివి కుర్చీలో కూలబడ్డాడు.

"ముద్దయీ తరఫు గవాహ్… ప్రహ్లాద్ వల్ద్ గుండయ్య. నా కొడుకా! వాళ్ల సాక్షి నా కొడుకా!"

ప్రహ్లాద్ ఆ కాగితం అందుకుని తన పేరు రెండుసార్లు చదువుకున్నాడు. పాఠం చెప్పిన పాపానికి ఇంత త్వరగా వసూలు జరుగుతుందనుకోలేదు.

"మంచిదే తియ్," అన్నాడు గుండయ్య మీసం సర్దుకుని. "వాళ్లే పిల్చిన్రు గద. పోయి కిటికీ మూసి ఉండె అని చెప్పు. ఒక్క మాట. వాళ్ల దావా వాళ్ల చేతుల్నే పోతది."

"హల్ఫ్ చేయిస్తరు బాపు. ప్రమాణం మీద అబద్ధం ఎట్ల చెప్తా?"

"ఎట్ల చెప్తవో నాకు తెల్వదు. నిజం చెప్పినవనుకో, గీ లా చదువు బంద్. దుకాణం తాళం గూడ నీ చేతికి రాదు. నేను ఒక్కసారే చెప్త."

గుండయ్య ఒక్కసారే చెబుతాడన్నది బజారంతటికీ తెలుసు.

సాక్ష్యం రోజు వరకూ ప్రహ్లాద్ లెక్క వేస్తూనే ఉన్నాడు. తక్కెడ ఒక పళ్లెంలో బాపు, దుకాణం, నల్ల కోటు. రెండో పళ్లెంలో ఒక కిటికీ, దానిలో ఎర్రటి ముక్కు. లెక్క ప్రకారం ఇందులో ఆలోచించడానికే ఏమీ లేదు. అయినా ముల్లు నిలబడటం లేదు. పైగా నిజం చెప్పడం మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందోనని మరో భయం.

ఆ రోజు అదాలత్ కిటకిటలాడింది. తండ్రి మీద కొడుకు గవాహీ అంటే వినడానికి యాకుత్‌పురా నుంచి కూడా వచ్చారు. ప్రహ్లాద్ ప్రమాణం చేశాడు. వాసవాంబ వకీలు వైకుంఠం లేచాడు.

"ఆ కిటికీ నీకు తెలుసా?"

"ఎరుక."

"మూసి ఉండేదా, తెరిచి ఉండేదా?"

ప్రహ్లాద్ తండ్రి వైపు చూశాడు. గుండయ్య రెప్ప వేయలేదు. కమల వైపు చూశాడు. ఆమె చీర కొంగు గట్టిగా పట్టుకుని ఉంది.

"తెరిచే ఉండె. నాకు తెలివి వచ్చినప్పటి సంది."

గుసగుసలు లేచాయి. గుండయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఎలా చెప్పగలవు?"

"తుమ్ములతోని."

మున్సిఫ్ సాహెబు కలం ఆపాడు. "క్యా?"

"మా ఆవరణల మిరపకాయలు తిరగేస్తే వాసవాంబ అత్తమ్మ తుమ్ముతది, సర్కార్. ఎప్పుడు తుమ్మినా రెండే, వెంటవెంట. కిటికీ పలకలు కొట్టి ఉంటే ఘాటు లోపలికి ఎట్ల పోతది? తుమ్ము మాకెట్ల ఇనబడతది? మా బాపు పొద్దున దుకాణానికి బయలుదేరేటప్పుడు జంట తుమ్ము ఇనబడితే సంబరపడుతుండె. 'శుభం, ఇయ్యాల బేరం మంచిగైతది' అనుకుంట పోతుండె. నా చిన్నప్పటి సంది చూస్తున్న."

జనం గొల్లుమన్నారు. వాసవాంబ నోరు తెరిచింది. ఇన్నేళ్లూ పక్కింటి బేరాలు తన ముక్కు మీద నడిచాయని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"మరి ఇప్పుడు గోడ ఎందుకు?" అన్నాడు వైకుంఠం.

"మేనకోడలు వచ్చినంక… ఆమె ఒక్కటే తుమ్ముతది. ఒంటి తుమ్ము అపశకునం. బాపు గడప కాడికి పోవుడు, ఆమె తుమ్ముడు, బాపు మళ్ల వచ్చి కూసొని నీళ్లు తాగుడు. లేచి పోతే ఇంకో ఒంటి తుమ్ము. ఒకనాడు బోణీ యాళ గూడ తప్పిపోయింది. గోదాం లేపుడు ఉత్త బహానా, సర్కార్. ఆపాలనుకున్నది తుమ్మును."

కమల చేయి దానంతట అదే ముక్కు మీదికి వెళ్లింది.

వామన్‌రావు జిరహ్‌కు, ఎదురు ప్రశ్నలు వేయడానికి, లేచాడు. ముఖం కందగడ్డలా ఉంది. జవాబు తెలియని ప్రశ్న జిరహ్‌లో వేయకూడదని లా క్లాసులో మొదటి వారమే చెబుతారు. కోపం మీద ఉన్న వకీలుకు ఆ వారం గుర్తురాలేదు.

"ఆవరణలో మిరపకాయలు తిరగేయడానికి మీకు కూలీలున్నారు కదా?"

"ఉన్నరు."

"మరి ఆ తుమ్ములు వినడానికి నువ్వెక్కడున్నావు? ఉన్నది దుకాణంలోనో క్లాసులోనో. చెప్పేదంతా కట్టుకథ!"

"లేదు. ఈ మధ్య నేనే తిరగేస్తున్న."

"సేటు కొడుకువు, వకీలు కాబోయేవాడివి, పార పట్టుకున్నావా? ఎందుకు?"

ప్రహ్లాద్ తల దించుకున్నాడు.

"చూశారా సర్కార్, జవాబు లేదు! ఎందుకు తిరగేశావు? హల్ఫ్ మీద ఉన్నావు, చెప్పు!"

ప్రహ్లాద్ భయపడ్డ నిజం రానే వచ్చింది. సగం నిజం చెప్పి మిగతా సగం దాచుకోవడం కుదరదు. ప్రమాణంలో ఆ మాట స్పష్టంగా ఉంది.

"తిరగేస్తే ఆమె తుమ్ముతది," అన్నాడు. "తుమ్మితే నన్ను తిట్టనీకి కిటికీ కాడికి వస్తది."

రాసుకుంటున్న గుమాస్తా కలం ఆగింది.

"అయితే ఆ మిరపకాయలు…" కమల బెంచీ మీది నుంచి లేచి నిలబడింది. "ఆ ఘాటంతా… రోజూ… కావాలనే?"

"కూర్చోండి," అన్నాడు మున్సిఫ్. ఆయన మీసం కింద ఏదో కదిలింది.

అప్పుడు గుండయ్య లేచాడు. వామన్‌రావు పట్టుకున్న చేతిని విదిలించుకున్నాడు. కొడుకు మెడ పట్టి బయటికి ఈడ్చుకుపోతాడనే అందరూ అనుకున్నారు. ప్రహ్లాద్ కూడా అదే అనుకున్నాడు.

"సర్కార్, రాజీనామా రాయిస్త."

"రాజీనామానా?" కమలకు మతి పోయింది. "ఈయనకు ఉద్యోగం ఎక్కడుందీ, మానేయడానికి?"

ప్రహ్లాద్ సాక్షి బోనులోంచే గొంతు తగ్గించి చెప్పాడు. "మీ దిక్కు గట్ల. ఈడ రాజీనామా అంటే ఒప్పందం, రాజీ పత్రం."

"మాటమాటకూ తిరగబడుతుందేమిటి మీ ఊళ్లో!" అందామె. అంటూనే అతని కళ్లలోకి మొదటిసారి సూటిగా చూసి, వెంటనే చూపు దించుకుంది.

గుండయ్య గొంతు సవరించుకున్నాడు. "అబద్ధం దాఖలు చేసిన. నా తప్పే. గోడ కూలగొట్టిస్త, కిటికీ జోలికి పోను. ఇది మొదటిది. రెండోది… నా ఇంట్ల నుంచి నా కొడుకునే తన దిక్కు సాక్షిగ లాక్కపోయింది ఈ పిల్ల. గసువంటి తెలివి పక్కింట్ల ఉంటే నాకు నష్టమే. నా ఇంట్లకు వస్తే లాభం. వాసవక్కా, మీ పిల్లను మా ప్రహ్లాద్‌కు ఇయ్యి."

మున్సిఫ్ చేయి ఎత్తాడు. "సేట్ సాబ్, పెళ్లి ఈ దావాలో లేదు. అడగని దాన్ని అదాలత్ ఇవ్వజాలదు. మొదటిది రాసుకుంటాం. రెండోది మీరు మీరు బయట చూసుకోండి."

వరండాలో వాసవాంబ మేనకోడలి గడ్డం పట్టుకుంది. "ఏమే? నా వెలుగు కోసం నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. గోడ ఎలాగూ పోయింది."

కమల ప్రహ్లాద్ వైపు తిరిగింది. "ఆ ప్రమాణం ఇంకా ఉందా?"

"బోను దిగంగనే అయిపోయింది."

"అయితే ఇప్పుడు మళ్లీ చెప్పండి. ప్రమాణం లేకుండా."

ప్రహ్లాద్ చెమట తుడుచుకున్నాడు. "మీరు తిట్టని రోజు నాకు పొద్దు గడవది. గంతే."

"అబద్ధం కాదుగా?"

"కావాలంటే జిరహ్ చేసుకోండి."

"చేస్తాను. జన్మంతా," అంది కమల. ఆ మాట విని అత్తయ్య కంటే ముందు తానే అదిరిపోయింది.

టాంగాలు వచ్చాయి. తాంబూలాలకు ముహూర్తం అడుగుదామని గుండయ్య హుషారుగా ముందు టాంగా మెట్టు మీద కాలు పెట్టబోయాడు. అంతలో ప్రహ్లాద్ దులుపుకున్న కోటులోంచి మిరప దుమ్ము లేచింది.

కమల తుమ్మింది. ఒక్కటే.

గుండయ్య కాలు గాలిలో ఆగింది. వాసవాంబ గుండె పట్టుకుంది. టాంగావాలా కూడా కళ్లెం బిగించాడు. కమల ముక్కు మూసుకుని, కళ్లనిండా నీళ్లతో అలాగే నిలబడిపోయింది. రెండోది ఎంతకీ రాదే!

"హాఛ్!" అని పెద్దగా తుమ్మాడు ప్రహ్లాద్.

గుండయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మనసులో కూడిక వేసుకున్నాడు.

"రెండైనయ్. శుభం. నడువుండ్రి," అని టాంగా ఎక్కాడు.

అది నిజం తుమ్మా, దొంగ తుమ్మా అని ప్రహ్లాద్‌కు హల్ఫ్ చేయించి ఎవరూ అడగలేదు.