ఇంకాస్త గట్టిగా పిలు

మీరే వండుకోవచ్చు, పెంపుడు జంతువులకీ స్వాగతం అని అద్దె ఇంటి ప్రకటనలో రాసి ఉంది. సముద్రం ఒడ్డున పెంకుటిల్లు, రెండు గదులు, గ్యాసు పొయ్యి ఉన్న వంటిల్లు. ఊరు చివర ఇంకేమీ లేదు, ఇసుకా నీళ్లూ తప్ప.

"మంత్రిగారు కూడా రావచ్చట," అని ఫోన్లో నవ్వింది అక్క.

మంత్రి అంటే అక్క చెల్లెలు చిన్ని పెంచుకునే కుక్క. పశువుల ఆసుపత్రిలో కట్లు కట్టే పని చిన్నిది. లారీ కింద కాలు పోగొట్టుకుని వచ్చిన ఈ మూడు కాళ్ల ప్రాణిని ఎవరూ తీసుకెళ్లకపోతే తనే ఇంటికి తెచ్చుకుంది. తినడం, నిద్రపోవడం, ఎప్పుడైనా మొరగడం తప్ప వేరే పని చేయదు కాబట్టి మంత్రి అని పేరు పెట్టింది. దానికి మెడపట్టీ లేదు, గొలుసు లేదు. "గొలుసు ఉన్నచోట విధేయత ఉంటుంది, ప్రేమ ఉండదు," అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది చిన్ని. ఆ కుక్కకి ఉన్న బంధమల్లా ఒక్కటే, చిన్ని పిలుపు. ఎంత దూరాన ఉన్నా, ఒక్కసారి పేరు వినబడితే కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చేది.

వాళ్లు ముగ్గురు వచ్చారు. అక్క, చిన్ని, అక్క కూతురు పాప. పాపకి ఏడేళ్లు. పోయినేడు ఇదే ఇంటికి వచ్చి వెళ్లినప్పటి నుంచి పాప మాట్లాడదు. పిలిస్తే తిరిగి చూడదు. అన్నం పెడితే తింటుంది, పడుకోబెడితే పడుకుంటుంది, అంతే. సముద్రాన్ని చూసి జడుసుకుంది, జడుసుకున్న చోటే జడుపు పోతుందన్నారు డాక్టరు అని అక్క చెప్పింది. అక్క మాట వేదం చిన్నికి. అమ్మ పోయాక జడ వేసిన చేతులవి, బడి ఫీజు కోసం రాత్రింబగళ్లు కుట్టుమిషను తొక్కిన కాళ్లవి. లోకంలో అందరినీ ప్రశ్నించేది చిన్ని, అక్కని తప్ప.

ఇంటి తాళాలు ఇచ్చిన పెద్దామె గుసగుసగా మాట్లాడింది. మంత్రిని చూసి ఆమె మొహం ముడుచుకుంది. అక్కని పక్కకి లాక్కెళ్లి ఏదో చెప్పింది. అక్క తలూపింది.

"ఏమంటోందే?" అని అడిగింది చిన్ని.

"కుక్క మంచాలెక్కకూడదట," అంది అక్క.

పొద్దు వాలింది. సముద్రం మీంచి మంచు పొగలా లేచి ఇసుక మీదికి పాకింది. ఎండిన చేపల వాసన, తడి తాళ్ల వాసన. చిన్ని గుడ్లు ఉడకేసి కిటికీలోంచి ఊరి వైపు చూసింది. ఒక్కొక్క గుమ్మంలోంచీ ఎవరో గరిటతో పళ్లెం మీద కొడుతున్నారు. టంగ్... టంగ్... ఆ చప్పుడుకి పిల్లలు, మేకలు, మగవాళ్లు ఇళ్లలోకి వెళ్లిపోతున్నారు. ఒక్క నోరు కూడా పెగలడం లేదు.

"నోళ్లు కూడా అద్దెకిచ్చేశారేంటే వీళ్లు?" అని నవ్వింది చిన్ని.

అక్క నవ్వలేదు. "మంత్రి ఎక్కడ?"

"పెరట్లో."

"చీకటి పడుతోంది. పిలు."

చిన్ని గుమ్మంలో నిలబడి పిలిచింది. "మంత్రీ! రారా!"

మంచులోంచి వచ్చాడు మంత్రి. మూడు కాళ్ల పరుగు, నాలుక బయటికి వేలాడేసుకుని. సగం దారిలో ఆగాడు. చెవులు వెనక్కి తిరిగాయి.

"మంత్రీ... రారా..."

నీళ్ల వైపు నుంచి. చిన్ని గొంతే. జలుబుతో కాస్త బొంగురుపోయిన గొంతు... ఆ బొంగురుతో సహా.

చిన్ని మంచులోకి తొంగి చూసింది. "ఎవరది?" అని అరిచింది. కుక్క ఇటు చూసింది. అటు చూసింది.

"మంత్రీ! ఇటురా!"

"మంత్రీ... ఇటురా..."

ఈసారి ఇంకా దగ్గర నుంచి.

ఎన్నిసార్లు పిలిచిందో అన్నిసార్లూ అదీ పిలిచింది. చిన్ని భయంతో పిలిస్తే, అది ముద్దుగా పిలిచింది. ఇల్లు చేరగానే కడుపు నిమురుతూ పిలిచే గొంతు... ఆ గొంతు చిన్ని ఇక్కడ వాడనేలేదు.

వెనక నుంచి భుజం మీద అక్క చెయ్యి పడింది. చల్లగా ఉంది.

"ఇంకాస్త గట్టిగా పిలు," అంది అక్క.

చిన్ని పిలిచింది. అక్క చెప్పింది కదా.

మంత్రి తోక ఊపుకుంటూ నీళ్ల వైపు వెళ్లిపోయాడు. భయపడలేదు. మొరగలేదు. ఇంటికొస్తున్నవాడిలా వెళ్లాడు. మంచు మూసుకుంది.

చిన్ని ఒడ్డుకి పరుగెత్తింది. తడి ఇసుక మీద మూడేసి గుర్తులు నీళ్లలోకి వెళ్లి ఉన్నాయి. నీళ్లు నిద్రపోతున్నట్టు నిశ్చలంగా ఉన్నాయి.

పళ్లెం పట్టుకుని పెద్దామె రొప్పుతూ వచ్చింది. "పిలిచావా? పేరు పెట్టి పిలిచావా? గరిట కొట్టమని మీ అక్కకి చెప్పానే! పోయినేడు పాపని ఆవిడే పిలిచి పోగొట్టుకుంది కదమ్మా!"

చిన్ని మెల్లగా వెనక్కి తిరిగింది. అక్క చూపులు ఇసుకలో ఉన్నాయి.

"మోకాళ్ల లోతు దాకా వెళ్లిపోయిందే పాప," అంది అక్క. "ఒంటిని లాక్కొచ్చాను. మిగతాది రాలేదు. దాని బదులు ఇంకో ప్రాణి వెళితే నీళ్లలోది పాపని వదిలేస్తుందని ఈమే చెప్పింది..."

"జాగ్రత్తగా ఉండమని చెప్పాను," అంది పెద్దామె. "చేయమని కాదు."

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా అక్కా?"

"చెబితే పిలిచేదానివా?"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదీ. పరాయివాళ్ల అన్యాయానికి జెండా పట్టుకుని వీధికెక్కవచ్చు. జడ వేసిన చేతుల మీద ఏ జెండా ఎత్తాలి? పైగా ఆ కుక్కని అక్క పిలవలేదు. నమ్మినవాడిని నమ్మిన గొంతుతోనే పిలిచి సాగనంపింది చిన్ని.

అప్పుడు ఇంట్లోంచి సన్నగా వినబడింది. "అమ్మా... ఆకలేస్తోంది."

అక్క పరుగెత్తింది. పాప గుమ్మంలో నిలబడి కళ్లు నులుముకుంటోంది, నిద్ర లేచినట్టు. అక్క పాపని గుండెలకి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఉడికిన గుడ్ల నీళ్లు పొయ్యి మీద ఇగిరిపోయి గిన్నె మాడుతోంది. ఎవరూ దించలేదు. చిన్నికి అక్కని చంపేయాలనిపించింది. పాప బుగ్గ మీది రంగు చూసి, ఆ మాట అనలేకపోయింది.

"ఇక ఉండకండి," అని పెద్దామె గొణిగింది. "మాట్లాడకుండా వెళ్లండి."

కారు ఇసుక దాటి తారురోడ్డు ఎక్కింది. అక్క నడుపుతోంది. వెనక సీట్లో చిన్ని ఒళ్లో పాప. అద్దాలు ఎత్తేసి ఉన్నాయి. సముద్రం ఎడమ చేతి వైపున మంచులో వెంట వస్తోంది. ఇక అక్కతో ఈ జన్మలో మాట్లాడకూడదనుకుంది చిన్ని.

పాప ఉన్నట్టుండి తల ఎత్తింది. మొహం విప్పారింది.

"వస్తున్నా పిన్నీ!" అంది.

అక్క అద్దంలోంచి చిన్ని వైపు కోపంగా చూసింది. "ఇప్పుడెందుకే దాన్ని పిలుస్తావు?"

చిన్ని పెదవులు బిగించుకునే ఉంది. పాప ఆమె మొహం వైపు చూడటం లేదు. సముద్రం వైపు కిటికీలోకి చూస్తోంది. ఒళ్లోంచి జారి, రెండు చేతులతో కారు తలుపు గొళ్లెం వెతుకుతోంది.