తేజ మళ్ళీ వచ్చాడన్నారు

చింతాద్రిపేట నుంచి పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వేళచ్చేరిలోని కూతురు హైందవి ఇంటికి వచ్చేశారు నాగలింగం, దమయంతి. మనవడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక వాళ్ళు రావడం అదే మొదటిసారి. నిజానికి తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. హైందవే రానంది. ప్రతి గోడకీ తమ్ముడి ఫోటో వేలాడే ఇంట్లో బిడ్డను కనలేనంది.

ఆ తమ్ముడు సాయి తేజ బండి ప్రమాదంలో పోయి రెండేళ్ళు. అప్పటినుంచీ దమయంతి ఒక్కసారీ ఏడవలేదు. వండింది, వడ్డించింది, పరామర్శకు వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చింది. లోపల మాత్రం ఏదీ కదల్లేదు. ఇప్పుడు మనవణ్ణి ఎత్తుకున్నా అంతే. బరువు తెలిసింది, వెచ్చదనం తెలిసింది, సంతోషమే తెలియలేదు. నేనేం మనిషిని అనుకుంది. ఆ మాటా నొప్పి పెట్టలేదు.

నాగలింగానికి మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు.

"చూడవే, అదే నుదురు, అదే ముక్కు! తేజానే మళ్ళీ వచ్చినాడు. ఆ పేరే పెట్టేద్దాం, సరియా?" అంటూ జేబులోంచి కొడుకు చిన్ననాటి వెండి మొలతాడు తీశాడు.

"వద్దు నైనా," అంది హైందవి.

"ఏం, తమ్ముడి పేరు చేదైందా నీకు?"

"కాదు నైనా. ఈడు నా బిడ్డ. పుట్టినప్పటినుంచీ ఒక్కరన్నా ఈణ్ణి చూసినారా? అందరూ వాణ్ణే వెతుకుతా ఉండారు. పెద్దయినాక ఈడు తేజ లాగా లేకపోతే మీరు ఈణ్ణి ఏం చేస్తారు?"

"వాడు తిరిగి రాకపోతే నేను ఇంకెందుకు బతకాల?" అని అరిచాడాయన. "ఏమే, నువ్వన్నా చెప్పు నీ కూతురికి!"

దమయంతి బిడ్డను ఎత్తుకుని లేచింది. స్నానానికి కాచిన నీళ్ళు చల్లారిపోతున్నాయి. స్నానాలగదిలో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను బోర్లా పడుకోబెట్టుకుని చెంబుతో నీళ్ళు పోసింది. వాడు ఒళ్ళంతా ఎర్రబడేలా గుక్కపట్టి ఏడ్చాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది. తేజ నీళ్ళు పడగానే కళ్ళు మూసుకుని నిద్రలోకి జారుకునేవాడు. తనకే తెలియకుండా ఆ నిద్ర కోసమే ఎదురుచూసింది తను.

"ఏమయ్యా," అని పిలిచింది. గుమ్మంలోకి వచ్చాడు.

"ఈడు వాడు కాదయ్యా. ఈడు వేరే. మన తేజ రాలేదయ్యా. ఇంక రాడు."

అనేశాక తన మాట తన చెవినే పడింది. రెండేళ్ళుగా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. కాళ్ళ మీద బిడ్డ, పైన తను, ఎవరి ఏడుపు వాళ్ళది. హైందవి పరుగున వచ్చి బిడ్డను తువ్వాలులో చుట్టి తీసుకుంది. రెండో చేత్తో తల్లి తలను తన నడుముకు హత్తుకుంది.

నాగలింగం గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. మొలతాడు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మరి ఈడికి ఏం పేరు పెడదామమ్మా?"

హైందవి వంగి బిడ్డను ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఈడి మొహం చూసి మీరే చెప్పండి నైనా."

నాగలింగం కళ్ళు తుడుచుకుని చూశాడు.