రెండు గొంతుల తాళం

"నీటి మడిలో నీడ ఎవరిదే... నీలి కోక నీడ ఎవరిదే..."

గవరమ్మ అక్కడికే ఆగిపోయింది. ఎంత తడుముకున్నా తర్వాతి చరణం నోటికి రాలేదు. మూడో రోజూ ఫోను అదే మాట అంది: "పాట పూర్తి కాలేదు. మళ్లీ పాడండి."

అనకాపల్లిలో ఇప్పుడు కబుర్లు పంపుకోవడానికి వాడకొక సర్వర్. పెద్ద కంపెనీలు మూతపడి, పాత ఫోన్ నంబర్లు కూడా పోయాక జనమే పెట్టుకున్నారు. ఏ వాడది ఆ వాడదే అయినా అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కోడ్ ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. ఎవరి ఖాతా వాళ్లు పాడిన పాటకే తెరుచుకుంటుంది. పైన యజమానంటూ లేడు! అరవై దాటాక అక్షరాలు దిద్దిన గవరమ్మకు తలచుకుంటే అబ్బురమే. కానీ తెరుచుకోవాలి కదా.

నిరుడు ఆమె ఖాతా తెరిచినప్పుడు స్నేహితురాలు పైడితల్లి పక్కనే ఉంది. మరిచిపోని పాట పాడమంటే ఇద్దరూ ఊడుపుల పాట ఎత్తుకున్నారు. ఊడుపుల్లో ఒక వరస అడుగుతుంది, ఎదుటి వరస జవాబిస్తుంది. గవరమ్మది అడిగే వరస. జవాబు ఆమె ఏనాడూ పాడలేదు. మొన్న అప్‌డేట్ వచ్చి మళ్లీ పాడమంది. అంతకుముందే పైడితల్లి కబురు పెట్టింది: "గురువారం విజయనగరం పెద్దాసుపత్రిలో గొంతు ఆపరేషన్. మళ్లీ మాట రాదంటున్నారు. ఈలోగా మాట్లాడవే."

"నా సగం పాడాను కదమ్మాయ్, సగం తలుపైనా తియ్యి."

సర్వర్ గదిలో ఇంజనీరు యశోధర నవ్వింది. "తాళం రెండు గొంతులతో వేశారు మామ్మా. నేనూ తియ్యలేను. అదే దీని గొప్ప."

"తియ్యలేకపోవడం గొప్పేంటే తల్లీ? పోనీ నువ్వే దానికి కబురంపు."

"ఆవిడ ఏ సర్వర్‌లో ఉన్నారు?"

"అది లోపలుంది."

విజయనగరం వైపు రెండొందల సర్వర్లు. పైడితల్లి అన్న పేరు లేనిది ఒక్కటీ లేదు.

"సహాయం పేజీలో రాయండి, రేపటికల్లా ఎవరో చూస్తారు."

గవరమ్మ కూడబలుక్కుని చదివింది. "మీ ఉదాహరణను ఎంచుకోండి... దేనికి ఉదాహరణ?"

"ఇంగ్లీషులో 'ఇన్‌స్టన్స్', అంటే ఇక్కడ సర్వరని, మామ్మా. మావాళ్లే తెలుగు చేశారు."

ఎంచుకుంది. "రాయడానికి ముందు లోపలికి రండి" అంది పేజీ.

"రాలేకే కదా రాస్తున్నాను!" గవరమ్మ ఫోను సంచిలో పడేసి బస్సెక్కింది.

గురువారం పొద్దున ఆసుపత్రిలో పైడితల్లి ఆకుపచ్చ గౌనులో, చక్రాల మంచం మీద ఉంది. గవరమ్మ ఆయాసంతోనే ఫోను ఆమె నోటి దగ్గర పెట్టి, తాను అడిగే చరణం పాడింది. పైడితల్లి బొంగురుగా అందుకుంది:

"నీడ నీదే, నవ్వు నాదే, నీళ్లు కదిలితే ఇద్దరిదే..."

తెర తెరుచుకుంది. తొమ్మిది కబుర్లు బిలబిలా వచ్చిపడ్డాయి. అన్నీ ఒకటే: "ఎక్కడున్నావే?" కింద చిన్న అక్షరాల్లో ఇంకోటి: "తర్వాతి అప్‌డేట్‌కు ఇద్దరూ మళ్లీ పాడవలెను."

గవరమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. నర్సులు మంచం కదిపారు. పైడితల్లి చెయ్యి చాచి తెర మూసేసింది.

"అది తర్వాత చదువుకోవే. నేనెదుటే ఉన్నాను కదా, నీ చరణం నన్నడుగు."