పన్నెండు గంటల నీడ

పదకొండు కాగానే రూతు డాబా మీద మోకాళ్ళపై వంగి, నీళ్ళ ట్యాంకు నీడ అంచు వెంట చాక్‌పీసుతో గీత గీసింది. గ్రాఫ్ నోట్‌బుక్ తెరిచి అదే గీత అందులోనూ గీసింది. పక్కన "11 గంటలు" అని రాసింది.

తొమ్మిదికి ఒక గీత, పదికి ఒక గీత, ఇప్పుడు ఇది మూడోది. సాయంత్రం నాలుగు దాకా గంటకోసారి ఇదే పని. చేతికి వనజక్క ఇచ్చిన గడియారం ఉంది. పెద్దవాళ్ళ గడియారం కదా, మోచేతి దాకా జారిపోతోంది.

ఇదేదో ఆట అనుకునేరు! కాదు, ఊరందరి పని.

రూతు వాళ్ళ ఊరు గూడూరు అవతల, అడవి అంచున ఉంది. ఊళ్ళో ఒక డీజిల్ పిండి గిర్ని ఉండేది. డీజిల్ ధర పెరిగి అది మూతపడింది. అప్పటినుంచి జొన్నలు పట్టించాలన్నా, కారం పట్టించాలన్నా సంచి మోసుకుని గూడూరు పోవాల్సిందే. "మనకు ఎండతోని నడిచే గిర్ని కావాలె" అని ఆడవాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. వనజక్క ముందు నడిచింది. ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకున్నారు. మండలాఫీసుకు పదకొండుసార్లు పోయారు.

ఏడాది గడిచాక ఇంజనీరు సారు ఫోన్ చేశాడు. "సోమవారం వస్తాను. సంఘం డాబా మీద ఏ గంటకు ఎక్కడ నీడ పడుతుందో గీసి పెట్టండి. సోలార్ ప్లేట్ల మీద నీడ పడితే గిర్ని సరిగ్గా తిరగదు" అన్నాడు.

క్లాసులో అందరికన్నా బాగా బొమ్మలు గీసేది రూతే. పైగా ఆ రోజు రెండో శనివారం, బడి లేదు. అందుకే వనజక్క ఆ పనిని ఐదో తరగతి రూతుకు అప్పగించింది.

అయితే మన రూతుకు ఒక అలవాటుంది. కళ్ళు తెరిచి ఉండగానే కలలు కంటుంది. లెక్కల క్లాసులో కిటికీలోంచి మబ్బులు చూస్తూ కూర్చుంటుంది. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఎటో వెళ్ళిపోతుంది. "ఏ లోకంల ఉన్నవే?" అని వాళ్ళమ్మ రోజుకు పదిసార్లయినా అడుగుతుంది.

"ఓ పిల్లా! ఎండకు మాడిపోతవ్. జర నీడకు రా!"

కింది నుంచి సాలమ్మవ్వ పిలిచింది. డాబాకు పడమటి వైపు అవ్వ ఇల్లు. ఇంటి ముందు పెద్ద నేరేడు చెట్టు. అవ్వది రేకుల ఇల్లు. పగలు లోపల కూర్చుంటే ఒళ్ళు ఉడికిపోతుంది. అందుకే పొద్దంతా చెట్టు కిందే కూర్చుని మోదుగాకులతో విస్తళ్ళు కుడుతుంది. ఆ విస్తళ్ళు అమ్మితేనే అవ్వకు పూట గడిచేది.

రూతు గడియారం చూసింది. పన్నెండుకు ఇంకా అరగంట ఉంది. మెట్లు దిగింది. అవ్వ ఇచ్చిన సల్ల గటగటా తాగింది. "ఐదు నిమిషాలే" అనుకుంటూ ఆకుల కుప్ప పక్కన ఒరిగింది.

పచ్చి ఆకుల వాసన వేస్తోంది. అవ్వ చేతిలోని పుల్ల టిక్కు టిక్కుమని ఆకుల్లో దిగుతోంది. కొమ్మల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలుతోంది. రూతు రెప్పలు బరువెక్కాయి.

సూర్యుడు మెల్లగా డాబా మీదికి దిగి వచ్చాడు. ఊళ్ళోవాళ్ళందరూ గంపలతో ఎండను ఎత్తి గిర్నిలో పోస్తున్నారు. గిర్ని చప్పుడు లేకుండా తిరుగుతోంది. కింది నుంచి పసుపుపచ్చని పిండి జలజలా రాలుతోంది. అమ్మ ఆ పిండితో రొట్టె చేసింది. రొట్టె పెనం మీది నుంచి లేచి, గాలిలో తేలుతూ అడవి వైపు పోయింది. రూతు కూడా దాని వెనకే తేలింది. కింద వాగు, వాగులో నీళ్ళు తాగే మేకలు, అన్నీ చిన్నచిన్నగా కనిపిస్తున్నాయి. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

"రూతూ! నాలుగు కావొస్తాంది. గీసుడు అయిపోయిందా?"

వనజక్క గొంతు విని రూతు ఉలిక్కిపడి లేచింది. ఒంటి మీద అవ్వ కప్పిన పాత చీర ఉంది. గడియారంలో నాలుగుకు పది నిమిషాలే తక్కువ.

పన్నెండు, ఒకటి, రెండు, మూడు... అన్నీ పోయాయి!

ఒక్క పరుగున డాబా ఎక్కింది. పడమటి మూల నేరేడు నీడ పడి ఉంది. "ఇప్పుడు ఇక్కడున్నదంటే, పన్నెండు నుంచే ఉండొచ్చు" అనుకుంది. అలా అనుకుంటే పని తేలికైపోతుంది మరి! గబగబా చూడని గంటలకు కూడా నీడలు గీసేసింది. కొమ్మలూ ఆకులూ దించింది. రంగు పెన్సిళ్ళతో నింపింది. నోట్‌బుక్‌లో డాబా సగం దాకా నల్లబడింది.

బొమ్మ మాత్రం చాలా అందంగా వచ్చింది.

ఐదింటికి డాబా ముందు సంఘం మీటింగు మొదలైంది. నోట్‌బుక్ చేతులు మారింది. "ఎంత మంచిగ గీసింది పిల్ల!" అని అందరూ మెచ్చుకున్నారు. వనజక్క మాత్రం దాన్ని చూస్తూ చూస్తూ మెల్లగా కూర్చుండిపోయింది.

"పన్నెండు కాంగనే సగం డాబా నీడల ఉంటాంది. గిట్లయితే గిర్ని నడువదు. ఊర్ల ఇంకో డాబా గూడ లేదు" అంది.

అందరూ నేరేడు చెట్టు వైపు చూశారు. తర్వాత సాలమ్మవ్వ వైపు చూశారు.

చివరికి అవ్వే అంది. "నేను గూడ గిర్ని కోసమే తిరిగిన గదా. ఈ వయసుల గూడూరు దాక సంచి మోసుడు నాతోని కాదు. కొట్టేయుండ్రి." ఆమె ఒకసారి చెట్టు వైపు చూసింది. "కాకపోతే సోమారం పొద్దుగాల దాక ఆగుండ్రి."

"నేనే కొడ్త అవ్వా. నీ రేకుల మీద ఒక్క కొమ్మ గూడ పడకుండ కొడ్త" అన్నాడు యోసేపు. యోసేపు అంటే రూతు వాళ్ళ నాయినే.

అవ్వ ఒక్కసారి రూతు వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఊరికే చూసింది. రూతు తల దించుకుంది.

ఆ రాత్రి రూతుకు ఒక్క కల కూడా రాలేదు.

ఆదివారం తెల్లారేసరికి నాయిన వాకిట్లో గొడ్డలికి సాన పెడుతున్నాడు. ఆ చప్పుడు వినలేక రూతు అవ్వ ఇంటికి పరుగెత్తింది. అవ్వ చెట్టు కింద రాలిన ఆకులు ఊడుస్తోంది.

"అవ్వా... నిన్న నేను పండుకున్న. చూడకుంటనే గీసిన."

"పండుకున్నవని నాకు ఎర్కే బిడ్డా. చీర కప్పింది నేనే గదా."

"మరి మీటింగుల ఎందుకు చెప్పలే?"

అవ్వ చీపురు ఆపింది. "నువ్వు చెప్తవేమోనని చూసిన."

రూతు వెక్కి వెక్కి ఏడ్చింది. అవ్వ కొంగుతో ముఖం తుడిచి, "ఏడ్సుడు తర్వాత. ముందుగాల వనజకు చెప్పు, పో" అంది.

వనజక్కకు నిజంగానే కోపం వచ్చింది. "ఏడాది తిరిగినం రూతూ! కూలి పనులు ఇడిసిపెట్టి తిరిగినం. నువ్వు రంగులేసి ఇచ్చినవ్, మేం నమ్మినం. 'నిద్రవోయిన అక్కా' అని ఒక్క మాట అంటే ఏమయితుండె?"

"తప్పయింది అక్కా. ఇయ్యాల మళ్ళ గీస్త."

వనజక్క మేకుకు తగిలించిన గడియారం తీసి రూతు చేతికి పెట్టింది. "ఈసారి చూసిందే గియ్యి" అంది.

ఆ రోజు రూతు కొత్త పేజీలో గంటకో గడి చేసుకుని, మళ్ళీ తొమ్మిదికి గీసింది. పదికి గీసింది. పదకొండుకు గీసి చర్చికి పరుగెత్తింది. చర్చిలో పిల్లల పాటలో ముందు వరస ఆమెదే, మానడానికి లేదు. పాటయ్యాక ప్రార్థన, ప్రార్థనయ్యాక ప్రసంగం. బయటికి వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. చెప్పులు చేత పట్టుకుని ఉరికింది.

ఒంటిగంటకు డాబా మీద చెట్టు నీడ లేదు. రెండుకూ లేదు. ఆకాశంలో ఏనుగులాంటి మబ్బు ఒకటి తీరిగ్గా నడుస్తూ వచ్చింది. రూతుకు దాని మీదెక్కి పోవాలనిపించింది. "రేపు రా. ఇయ్యాల నాకు పనున్నది" అని దానికి చెప్పి, ముఖం మీద నీళ్ళు చల్లుకుంది. మూడింటికి చెట్టు నీడ గోడ దాకా వచ్చి ఆగింది. నాలుగింటికి పడమటి మూలను మాత్రం తాకింది.

అంతే! అంత చిన్న మూల కోసం చెట్టునే కొట్టేయబోయారు.

అన్ని గంటలూ నిండాయి, పన్నెండు గంటల గడి తప్ప. పదకొండుకు చెట్టు నీడ లేదు, ఒంటిగంటకూ లేదు. మరి పన్నెండుకు మాత్రం ఎందుకుంటుంది? రూతు పెన్సిల్ ఆ గడి మీద ఆనించింది. మళ్ళీ తీసేసింది. ఆ గడిలో ఒక్క మాట రాసింది. "చూడలేదు."

సోమవారం ఇంజనీరు పురుషోత్తం సారు వచ్చాడు. బడిలో టీచరును అడిగి వనజక్క రూతును పిలుచుకొచ్చింది. సంఘం ఆడవాళ్ళంతా వచ్చారు. రూతు మళ్ళీ గీసిందని తెలిసినా, సారు మాట తేలేదాకా అని నాయిన కూడా గొడ్డలితో వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. అవ్వ చెట్టు కింద విస్తరాకు కుడుతోంది.

సారు నోట్‌బుక్‌లో ఒక్కొక్క గంట మీద వేలు పెడుతూ వచ్చాడు. "చలికాలంలో నీడ ఇంకొంచెం ముందుకు వస్తుంది. ప్లేట్లను తూర్పుకు జరిపితే సరిపోతుంది" అంటూనే ఆగిపోయాడు. "పన్నెండుకు ఇదేంటమ్మా? ఎండ బాగా ఉండేదే అప్పుడు."

అందరూ రూతు వైపు చూశారు. అవ్వ చేతిలో పుల్ల ఆగింది.

"చర్చికి పోయిన సార్. గా గంట చూడలే. చూడకుంట ఎట్ల గీయాలె?"

సారు తన గడియారం చూసుకున్నాడు. ముఖంలో చిన్న నవ్వు కనిపించింది. "పన్నెండుకు ఇంకా పది నిమిషాలుంది. పద, చూద్దాం."

ఇద్దరూ మెట్లెక్కారు. రూతు జేబులో చాక్‌పీసు ఉండనే ఉంది.

పన్నెండయింది. డాబా అంతా తెల్లగా ఎండ పరుచుకుని ఉంది. ట్యాంకు కింద జానెడు నీడ తప్ప ఇంకేమీ లేదు. రూతు వంగి, ఆ నీడ అంచు వెంట నెమ్మదిగా గీత గీసింది. "చూడలేదు" అన్న మాటను చెరపలేదు. దాని కింద "సోమవారం చూశాను" అని రాసింది. తర్వాత పిట్టగోడ మీదుగా కిందికి వంగి చూసింది.

"అవ్వా! నీ చెట్టు నీడ నీ వాకిట్లనే ఉన్నదే!" అని అరిచింది.

కింద నాయిన గొడ్డలి భుజానికెత్తుకుని ఇంటిదారి పట్టాడు. వనజక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. నేరేడు చెట్టు కింద టిక్కు టిక్కుమని అవ్వ మళ్ళీ విస్తరాకు కుట్టడం మొదలుపెట్టింది.